రేడియో నేర్చుకున్న ఇంగ్లీషు

ఆ ఇంట్లో తల్లికి రేడియో అని పేరు పెట్టింది అల్లుడే. పెట్టేశాక భయపడ్డాడు గానీ ఆవిడ కోపం తెచ్చుకోలేదు సరికదా, "రేడియోకైతే చెవి మెలిపెడితే నోరు మూస్తుంది అల్లుడుగారూ, నాకా సదుపాయం లేదు," అని తనే పకపకా నవ్వింది. నిజంగానే లేదు. కిటికీ పక్కన కుట్టుమిషన్ ముందు కూర్చుని, దారం కొసను పళ్లతో పట్టుకుని కూడా ఆవిడ మాట్లాడగలదు. ఆ పరాయిదేశపు ఊళ్లో ఉండే తెలుగువాళ్లు ప్యాంటు కాళ్లు పొట్టి చేయించుకోవడానికో, జిప్పు మార్పించుకోవడానికో వచ్చి తమ పనేమిటో చెప్పేలోపే, వాళ్ల మోకాళ్ల నొప్పుల దగ్గర్నుంచి మేనత్త కూతురి కాపురం దాకా ఆరా తీసేసేది. వినేవాళ్లెవరూ దొరకనప్పుడు మిషన్‌తోనే మాట్లాడేది. "ఏమే, ఇవాళ నీకూ ఒళ్లు బరువుగా ఉందా?" అని దాని చక్రాన్ని అడిగేది.

అలాంటి మనిషిని నోరు మూసుకోమన్నారు. అన్నది పరాయివాళ్లు కాదు, కన్నకూతురే.

కూతురు స్వదేశంలోనే నర్సు చదువు చదివింది. ఇక్కడికొచ్చాక పెద్ద ఆసుపత్రిలోనే పనిచేస్తోంది గానీ నర్సుగా కాదు, నర్సుల చేతికింద సహాయకురాలిగా. ఈ దేశంలో ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కితేగానీ నర్సుల రిజిస్టర్లో పేరెక్కదు. పేరెక్కితేగానీ సూది పట్టుకోనివ్వరు. అందాకా పక్కలు మార్చాలి, రోగుల్ని చక్రాల కుర్చీలో తోసుకెళ్లాలి, తనకంటే చిన్నవాళ్లు "కాస్త అది తెచ్చిపెట్టు" అంటే తెచ్చిపెట్టాలి. నరం దొరక్క రోగి చేతిని గుచ్చిగుచ్చి చూస్తున్న కొత్త నర్సు పక్కన పళ్లెం పట్టుకుని నిలబడినప్పుడల్లా, నేనైతే ఒక్క పోటుతో పట్టేదాన్ని అనుకునేది. అనుకుని, పళ్లెం పట్టుకునే నిలబడేది.

పరీక్ష ఒకసారి రాసింది, పోయింది. కోచింగ్ మాస్టారు ఆమె మార్కులు చూసి పెదవి విరిచాడు.

"మీకు ఇంగ్లీషు రాదని ఎవరూ అనలేరమ్మా. కానీ అది చిన్నపిల్లల ఇంగ్లీషు. దేనికైనా గుడ్, బ్యాడ్, శాడ్, ఫైన్. ఇవన్నీ చవక మాటలు. వీటిని మర్చిపోండి. ఖరీదైన మాటలు పట్టండి."

ఆమె ఖరీదైన మాటలు పట్టుకుంది. మాటకొక అట్టముక్క చొప్పున రాసుకుని, నడుస్తూ, అన్నం తింటూ, జుట్టు దువ్వుకుంటూ బట్టీ పట్టింది. ఎక్స్‌క్రూషియేటింగ్, డెబిలిటేటింగ్, అప్రిహెన్సివ్, మెటిక్యులస్. మిషన్ దగ్గర్నుంచి తల్లి బెదిరిపోయి చూసింది.

"ఎవర్నే అలా తిడుతున్నావు?"

"తిట్లు కాదమ్మా. ఒకటేమో ఓర్చుకోలేని నొప్పి, ఒకటేమో ఒళ్లంతా పీల్చేసే జబ్బు..."

"నొప్పికి నొప్పి అంటే చాలదా? చెప్పేలోపు ప్రాణం పోయేట్టుంది."

అయినా ఆవిడకు కూతురి చదువంటే మురిపెమే. మిగిలిన గుడ్డముక్కలన్నీ కలిపి జేబులున్న పరదా ఒకటి కుట్టి గోడకు తగిలించింది. పైవరుస జేబుల్లో రాని మాటలు, కిందివరుస జేబుల్లో వచ్చిన మాటలు. ఒక్కో అట్టముక్క పైనుంచి కిందికి దిగుతుంటే, అందులో ఏముందో తనకు తెలియకపోయినా, ఊళ్లో అందరికీ చెప్పుకునేది. "ఇవాళ మా అమ్మాయి బోలెడు దించేసింది," అని జిప్పు కోసం వచ్చినవాళ్లకు చెప్పేది. ఏం దించిందో వాళ్లకూ అర్థమయ్యేది కాదు.

అల్లుడు లిఫ్టు మెకానిక్. ప్రతిదానికీ ఒక మీట ఉంటుందనీ, అది నొక్కితే పని జరిగిపోతుందనీ నమ్మే మనిషి. భార్య అవస్థ చూడలేక ఒక మీట కనిపెట్టాడు.

"ఇవాళ్టినుంచి, పరీక్ష అయ్యేదాకా, ఈ గడప లోపల ఇంగ్లీషే. ఎవరైనా తెలుగులో నోరు జారారో, ఆ పూట గిన్నెలన్నీ వాళ్లే తోమాలి. ఏమంటారు సిస్టర్‌గారూ?"

"నాకిష్టమే. అమ్మ సంగతేంటి మరి?"

"ఆ గిన్నెలేవో ఇటు పడెయ్యండి," అంది తల్లి. "నేను తోముతాను గానీ, మాట్లాడొద్దని మాత్రం అనకండి."

అలాగే జరిగింది. భార్యాభర్తలిద్దరూ వచ్చీరాని ఇంగ్లీషులో ఉప్పు అందించమనడానికి కూడా ఉపన్యాసమిచ్చుకుంటూంటే, ఆవిడ ఏ దాపరికమూ లేకుండా తెలుగు మాట్లాడేసి, ఏ బెంగా లేకుండా గిన్నెలు తోమేది. తోముతూ వంటింట్లోంచి ముందుగదిలోకి కేకలేస్తూ కబుర్లు చెప్పేది. అల్లుడు మాత్రం అప్పుడప్పుడు కావాలని నోరు జారి, ఆవిడ పక్కన నిలబడి గిన్నెలు కడిగిపెట్టేవాడు.

పరీక్ష దగ్గరపడేకొద్దీ కూతురికి కోపం ముక్కు మీదే ఉండేది. ఒక సెలవురోజు ఉదయం మాస్టారిచ్చిన నమూనా ప్రశ్నలు ముందేసుకుని, గడియారం చూసుకుంటూ జవాబులు చెప్పుకుంటోంది. వంటింట్లోంచి తల్లి, ఎవరో ఆవిడ తన పెళ్లినాటి జాకెట్టు వదులు చేయించుకోవడానికి వచ్చి ఏడ్చిన సంగతి చెబుతోంది. చెబుతోంది, చెబుతూనే ఉంది. కూతురు నాలుక చివరిదాకా వచ్చిన మాట ఒకటి జారిపోయింది. ఎంత వెతికినా మళ్లీ దొరకలేదు.

"అబ్బ, అమ్మా! నువ్వలా వాగుతుంటే నా బుర్రలో ఒక్క ముక్క నిలవట్లేదు. ఈసారి కూడా పోయిందంటే నీ నోటివల్లే పోతుంది. పరీక్ష అయ్యేదాకా కాస్త నోరు మూసుకోలేవూ?"

కుళాయి కట్టేసిన చప్పుడైంది. తల్లి చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకొచ్చి నిలబడింది. ఆవిడ మొహంలో కోపం లేదు. గట్టిగా అరిచిన పిల్లకు జ్వరమేమైనా వచ్చిందా అని చూసే తల్లి మొహంలా ఉంది.

"సరేలేవే," అంది.

అల్లుడికి ప్రాణం చివుక్కుమంది. ఇంట్లో గాలి తేలికపరచాలని నవ్వు తెచ్చుకుని, "ఇంగ్లీష్, అత్తయ్యా, ఇంగ్లీష్! సరే అనకూడదు, ఫైన్ అనాలి," అన్నాడు.

"ఫైన్," అంది ఆవిడ.

మొదటిసారే చక్కగా అంది. అల్లుడు చప్పట్లు కొట్టాడు. కూతురు కూడా నవ్వేసి, "ఉన్నవన్నీ పోయి ఆ మాటే నేర్పాలా? అది మాస్టారు వద్దన్న మాట," అంది. తగువు అక్కడితో తీరిపోయిందనుకున్నారు ఇద్దరూ.

ఆ రోజునుంచి రేడియో ఆగిపోయింది. కాఫీ కావాలా అంటే ఫైన్. తలనొప్పి తగ్గిందా అంటే ఫైన్. ఎవరో తమ బట్టలు ఇంకా కుట్టలేదేమని సణిగితే, గుమ్మం బయటికెళ్లి వాళ్లతో తెలుగులో మాట్లాడొచ్చి, లోపలికి రాగానే పెదాలు బిగించేసేది. కూతురికి ఇల్లు హాయిగా అనిపించింది. ఇంత ప్రశాంతంగా ఉంటుందని తెలిస్తే ఎప్పుడో చెప్పేదాన్ని కదా అనుకుంది. ఆ తర్వాత బతికినన్నాళ్లూ, తను అలా అనుకున్న సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఆమె తనను తనే తిట్టుకునేది.

గిన్నెలు తోమే శిక్ష ఇక ఎవరికీ పడలేదు. వంతులేసుకున్నారు.

ఈలోగా కుట్టుపనిలో తేడాలొచ్చాయి. ఒకాయన ప్యాంటు ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి అయింది. ఇన్నేళ్లలో అలాంటిది ఎన్నడూ లేదు. ఆయన దులిపేసి వెళితే, ఆవిడ ఆ ప్యాంటు ఒళ్లో పెట్టుకుని కుట్టు విప్పుతూ కూర్చుంది. సూది రెండుమూడుసార్లు జారి కింద పడింది. వెతుక్కుని తీసుకుంది. అల్లుడు చూసి, "అత్తయ్యా, కళ్లజోడు మార్పించాలేమో," అని ఇంగ్లీషులో అన్నాడు. ఆవిడకు అర్థం కాలేదు. ఫైన్ అంది.

ఒక రోజు పొద్దున్నే కూతురు డ్యూటీకి తయారై, జేబుల పరదా ముందు నిలబడి, ఒంట్లో బాధను వర్ణించే మాటలు వల్లె వేసుకుంటోంది. మొద్దుబారడానికొకటి, చీమలు పాకినట్టుండటానికొకటి, ఉండుండి వచ్చిపోయే దానికొకటి. తల్లి వచ్చి పక్కన నిలబడింది. కుడిచేతి వేళ్లను ఎడమచేత్తో నలుపుకుంటోంది.

"అమ్మడూ, ఈ చెయ్యి..."

కూతురు అట్టముక్క మీదినుంచి కళ్లెత్తలేదు. చూపుడువేలు మాత్రం ఎత్తింది. ఒక్క నిమిషం ఆగమనో, ఇంగ్లీషులో చెప్పమనో, ఆ వేలుకు ఏ అర్థమైనా ఉండొచ్చు. ఏ అర్థంతో ఎత్తిందో తర్వాత తనకే గుర్తులేదు. తల్లి ఆగింది. కాసేపు నిలబడింది. కూతురు ఆ మాట పూర్తిచేసి, ఆ అట్టముక్కను కిందిజేబులోకి దించి, అప్పుడు తిరిగి చూసింది.

"వాట్, అమ్మా?"

తల్లి చేతిని వెనక్కి పెట్టుకుంది. "ఫైన్," అని నవ్వింది.

కూతురు బస్సుకు ఆలస్యమవుతోందని పరిగెత్తింది.

ఆ మధ్యాహ్నం జిప్పు కోసం వచ్చినావిడ తలుపు తట్టితట్టి, కిటికీలోంచి చూసి కేకలు పెట్టింది. కుట్టుమిషన్‌కూ గోడకూ మధ్య ఒరిగిపోయి ఉంది రేడియో. మిషన్ పాదం కింద గుడ్డ అలాగే ఉంది.

తను పనిచేసే ఆసుపత్రికే తెచ్చారు. రోజూ ఎవరెవరినో తోసుకెళ్లే వరండాలో తల్లిని తోసుకెళ్లింది కూతురు. మెదడులో ఎడమవైపు రక్తం గడ్డకట్టిందన్నారు. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. డాక్టరు కాగితం చేతిలో పెట్టుకుని మామూలుగానే అడిగాడు.

"ఇంతకుముందు ఎప్పుడైనా చెయ్యి తిమ్మిరెక్కడం, వస్తువులు జారిపోవడం, అలాంటివేమైనా చెప్పారా? వచ్చి పోతూంటాయి అవి. అప్పుడే తీసుకొచ్చుంటే..."

ఆయన ఆమె యూనిఫాం చూసి ఆపేశాడు. ఆపకపోయినా ఆమెకు తెలుసు. నర్సు చదువులో మొదట్లోనే చెప్పే పాఠం అది.

రెండోరోజు తల్లికి బాగా తెలివొచ్చింది. కళ్లు కూతుర్ని పోల్చుకున్నాయి. కూతురు మంచం మీదికి వంగింది. ఇంగ్లీషూ లేదు, పరీక్షా లేదు, ఆసుపత్రి మర్యాదా లేదు. "అమ్మా, మాట్లాడమ్మా. తెలుగులోనే మాట్లాడు. ఎంతసేపైనా మాట్లాడు. తిట్టు నన్ను," అంది.

తల్లి పెదాలు కదిలాయి. మెడనరాలు బిగుసుకున్నాయి. ఎక్కడో లోతుల్లోంచి తవ్వి తీసినట్టు ఒక మాట బయటికొచ్చింది.

"ఫైన్."

అది కాదని ఆవిడకే తెలిసింది. బెదిరిపోయింది. మళ్లీ ప్రయత్నించింది. "ఫైన్. ఫైన్... ఫైన్." ఇన్నేళ్ల మాటల్లో, తిట్లలో, కబుర్లలో, కూతుర్ని జోకొట్టిన మాటల్లో ఒక్కటీ రాలేదు. నోటికి దొరికింది అదొక్కటే. ఆవిడ ఎడమచేత్తో నోరు మూసుకుని ఏడ్చింది. కూతురు వరండాలోకి వచ్చి, చక్రాల కుర్చీలు వరుసగా పెట్టే చోట కూలబడింది. అల్లుడు ఆమె పక్కన నేలమీద కూర్చున్నాడు. "నేనే కదూ నేర్పింది," అన్నాడు. ఇద్దరిలో ఎవరు ఎవర్ని ఓదార్చాలో తెలియలేదు.

మాటలు నేర్పించే డాక్టరమ్మ వచ్చి పరీక్షచేసింది. కొందరికి ఇలా ఒకే మాట మిగులుతుందనీ, అదే ఎందుకు మిగిలిందో ఎవరూ చెప్పలేరనీ అంది. వినడం, అర్థంచేసుకోవడం బాగానే ఉన్నాయట. మాటలు తిరిగొస్తే కొన్ని రావచ్చు, రాకపోనూవచ్చు. పేషెంటుకు బాగా అలవాటైన భాషలో ఇంట్లో వీలైనంత ఎక్కువ మాట్లాడుతూ ఉండాలంది. తర్వాత కాగితం మీద ఒక గడి నింపడానికి కలం తీసింది.

"ఇంట్లో మీరు ఏ భాష మాట్లాడతారు?"

మొగుడూపెళ్లాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"తెలుగు," అంది కూతురు. ఆ ఒక్క మాట చెప్పడానికి ఆమెకు ఎంత సిగ్గేసిందో.

పరీక్షరోజు వచ్చేసరికి తల్లి ఇంటికొచ్చింది. కుట్టుమిషన్ పక్కకు జరిపి, కిటికీ దగ్గర మంచం వేశారు. కూతురు పరీక్షకు వెళ్లనని భీష్మించుకుంది. అల్లుడు బతిమాలాడు, కసిరాడు, ఊరుకున్నాడు. చివరికి మంచం మీదినుంచి తల్లి ఎడమచెయ్యెత్తి గోడ మీది జేబుల పరదాను చూపించింది, తలుపును చూపించింది. "ఫైన్!" అంది. కూతురు కదలకపోతే ఇంకా గట్టిగా, కళ్లెర్రజేసి, "ఫైన్!" అంది. చిన్నప్పుడు బడికి పోనని గుంజను పట్టుకుంటే ఇదే గొంతుతో గదమాయించేది. మాట మారింది గానీ గొంతు మారలేదు. కూతురు లేచి చెప్పులేసుకుంది.

పరీక్షగదిలో బల్లకు అటువైపు ఒక పెద్దాయన కూర్చున్నాడు. మంచివాడిలానే ఉన్నాడు. మంచినీళ్ల గ్లాసు ఆమెవైపు జరిపి, బెరుకు పోగొట్టడానికి అందర్నీ అడిగే ప్రశ్నే అడిగాడు. ఎలా ఉన్నారు ఇవాళ?

దానికి జవాబు ఏ పుస్తకంలోనూ చదవక్కర్లేదు. చెట్టంత పరీక్షలో వేలెడంత కూడా లెక్కలోకి రాని ప్రశ్న. ఆమె నోరు తెరిచింది. అందరూ చెప్పే ఆ జవాబు నాలుక మీదే ఉంది. కానీ అది తన మాట కాదు. ఆ మాట వాళ్లమ్మది. వాళ్లమ్మ దగ్గర ఉన్నదంతా అదొక్కటే. దాన్ని ఇక్కడ, ముక్కూమొహం తెలియని మనిషి ముందు ఊరికే అనేసి పారెయ్యడానికి ఆమెకు నోరు రాలేదు. ఆయన మళ్లీ అడిగాడు. ఖరీదైన మాటలు పైజేబుల్లోంచీ కిందిజేబుల్లోంచీ చాలానే గుర్తొచ్చాయి. వాటిలో ఒక్కటీ పనికొచ్చేదిగా లేదు.

"ఐ యామ్ శాడ్, సార్," అంది.

చిన్నపిల్లల మాట. ఆయన కలం ఆపి ఆమెవైపు చూశాడు. ఏమీ రాసుకోలేదు. మొదలుపెడదామా అన్నాడు. తర్వాత ఆయన అడిగినవన్నిటికీ ఆమె చెప్పింది. నొప్పి గురించి, భయం గురించి, రోగిని ఎలా పలకరించాలో, ఏమేం అడిగి తెలుసుకోవాలో, తడుముకోకుండా చెప్పింది. చెబుతున్న ప్రతి మాటకూ లోపల చెంపదెబ్బ తింటూనే చెప్పింది.

ఇంటికొచ్చేసరికి తల్లి గుమ్మంవైపే చూస్తూ ఉంది. కనుబొమలెగరేసి, "ఫైన్?" అంది. బాగా రాశావా అని అడుగుతోంది. అడిగిన తీరులో అనుమానమేమీ లేదు.

"బాగానే చెప్పానమ్మా," అంది కూతురు.

"ఫైన్," అంది తల్లి, నాకు తెలుసులే అన్నట్టు.

తర్వాత ఫలితం వచ్చింది. పాసైంది. మాస్టారు ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. రిజిస్టర్లో పేరెక్కింది. సూది చేతికొచ్చింది. తొలిరోజే, ఎవరికీ దొరకని ఒక ముసలాయన నరాన్ని అనుకున్నట్టే ఒక్క పోటుతో పట్టేసింది. చుట్టూ ఉన్నవాళ్లు శభాష్ అన్నారు. ఆ చేతిని వదలకుండా పట్టుకుని, ఇంకెక్కడైనా ఇబ్బందిగా ఉందా, ఇంకేమైనా చెప్పాలా అని ముసలాయన్ని అడిగిందే అడిగింది. ఆయన విసుక్కునేదాకా అడిగింది.

ఆ సాయంత్రం తల్లికి అన్నం కలిపి తినిపించి, మూతి తుడిచి, మంచం అంచున కూర్చుంది. ఇన్నాళ్లూ అడగలేకపోయినది ఆ పూట అడిగేసింది.

"అమ్మా, ఆ రోజు పొద్దున నా దగ్గరికొచ్చి ఏదో చెప్పబోయావు. నేను వేలెత్తాను. గుర్తుందా? ఏం చెప్పబోయావమ్మా?"

తల్లి నోరు తెరిచి, మూసేసింది. ఎడమచేత్తో పక్కమీద పడి ఉన్న తన కుడిచేతిని పట్టుకుంది. బరువుగా, మెల్లగా ఎత్తింది. తెచ్చి కూతురి ఒళ్లో పెట్టింది.

ఇది, అన్నట్టు.

కూతురు ఆ చేతిమీద మొహం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. సూది గుచ్చుకుని గుచ్చుకుని గట్టిపడిన వేళ్లు, ఏమీ తెలియనట్టు ఆమె చెంపకింద పడి ఉన్నాయి. తల్లి బాగున్న చేత్తో ఆమె తల నిమిరింది. "ఫైన్, ఫైన్," అంది, పోనీలేవే, పోనీలే అన్నట్టు. అదే కూతురు భరించలేకపోయింది. తిట్టినా బాగుండేది.

కాసేపటికి లేచి మొహం కడుక్కుని, కంచాలు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. అల్లుడు వెనకే వచ్చాడు. "ఉండు, ఇవాళ నా వంతు," అన్నాడు.

"కాదండీ. నేనే తోముతాను."

"తెలుగు మాట్లాడినందుకా?" అన్నాడు, నవ్వించాలని. నవ్వు రాలేదు ఇద్దరికీ. అతను తప్పుకున్నాడు.

ఆమె గిన్నెలు తోముతూ ముందుగదిలోకి వినపడేట్టు కేకలేస్తూ కబుర్లు మొదలుపెట్టింది. ముసలాయన నరం సంగతి, బస్సులో గొడవపడిన ఆడవాళ్ల సంగతి, పెళ్లినాటి జాకెట్టు వదులు చేయించుకున్నావిడ దారిలో కనబడి నిన్ను అడిగిందమ్మా అన్న సంగతి. ఆమెకు తల్లిలా అల్లుకుపోవడం రాదు. మధ్యలో ఆగిపోయేది. ఆగినప్పుడల్లా గదిలోంచి, ఊఁ కొట్టినట్టు, "ఫైన్," అని వినపడేది. అది సరిగ్గా వినపడాలని కుళాయి సన్నగా తిప్పుకుంది.